కాకికాలు రాయి

రాయికి బంగారు రంగు వేశారు. అందుకే ముందు గుర్తుపట్టలేదు. గేటు దాటగానే పచ్చగడ్డి మధ్య చిన్న అరుగు కట్టి, దాని మీద నిలబెట్టి, చుట్టూ నాలుగు దీపాలు పెట్టారు. ఏదో దేవుడి రాయి అనుకుని చెప్పులు విప్పబోయాను కూడా. అప్పుడు కనబడింది, రాయి నెత్తి కింద చెక్కిన గుర్తు. మూడు గీతలు ఒక చోట కలుస్తాయి, కాకి అడుగు వేసినట్టు. ఆ గీతల్లో కూడా బంగారు రంగు నింపారు. కింద ఇత్తడి రేకు మీద ఇంగ్లీషులో రాసి ఉంది: బ్రిటిష్ వారి సర్వే రాయి, ఇదే స్థలంలో పాతినది.

ఇదే స్థలంలోనట.

నాతో పాటు చాలా ఏళ్ళు ఒకే బడిలో పాఠాలు చెప్పిన టీచరమ్మ గృహప్రవేశానికి వెళ్ళాను. గుంటూరు వైపు మనిషి, మంచిది. అల్వాల్ నుంచి శామీర్‌పేట పోయే దారిలో కొత్త కాలనీలో ఇల్లు కొనుక్కుంది. కాలనీకి ఇంగ్లీషు పేరు పెట్టారు కాబట్టి అది ఎక్కడో నాకు తట్టలేదు. ఆటో దిగాక కూడా తట్టలేదు. ఆ ప్రహరీగోడ, ఒకే తీరు ఇళ్ళ వరుసలు చూసి అది మా జొన్నచేను అని ఎవరు మాత్రం చెప్పగలరు? రాయిని చూశాకే తెలిసింది.

నేను అక్కడే నిలబడిపోవడం చూసి టీచరమ్మ భర్త దగ్గరకు వచ్చాడు. "మా కాలనీకి ఇదొక గొప్పండీ. పునాదులు తవ్వేటప్పుడు జాగ్రత్తగా కాపాడారట. బ్రిటిష్ వాళ్ళు కొలిచారంటే అంగుళం తేడా రాదు చూడండి," అన్నాడు.

"వాళ్ళు కొలిచినప్పుడు తేడా రాలేదు. రాయికే తర్వాత కాళ్ళొచ్చాయి," అన్నాను.

ఆయన నవ్వాడు, నేనేదో హాస్యమాడాననుకుని. లోపల కూర్చోబెట్టి పులిహోర పెట్టారు, పూర్ణాలు పెట్టారు. ఒక్కటీ రుచి తెలియలేదు. కడుపు మండిపోతుంటే పూర్ణం ఏం చల్లారుస్తుంది?

మా అవ్వ, అంటే మా నాయిన తల్లి, ఆ చేనుకు అసలు హక్కుదారు. ఆమె బాపుకు కొడుకులు లేరు, చేను ఆమెకే వచ్చింది. చేనుకు పడమర పక్క తెల్లవాళ్ళ దండు గుర్రాలకు గడ్డి పెంచే బీడు. బీడు తెల్లవాళ్ళది, చేను నిజాం రాజ్యంలోది. రెంటి మధ్య హద్దు ఈ రాయి. రాయికి ఇవతల పది అడుగుల్లో మా బావి. నేను పుట్టేనాటికి తెల్లవాడూ లేడు, నిజామూ లేడు. రాయి ఉంది, బావి ఉంది. మేకలు కాసే చాచా బిడ్డ, నా ఈడుది, నేనూ ఆ రాయి మీద చెరో వైపు కాలు వేసి గుర్రం ఎక్కినట్టు కూర్చునేవాళ్ళం. అవ్వ గట్టు మీద నుంచి చూసి నవ్వేది. "ఒక కాలు తెల్లోని రాజ్యంల, ఒక కాలు నిజాం రాజ్యంల. కిందవడితే ఏ రాజు లేపుతడే మిమ్ముల?" అనేది.

చేను పని మధ్యలో అంబలి తాగే వేళకు అవ్వ ఆ రాయికే వీపు ఆనించి కూర్చునేది. జొన్న అంబలిలో సల్ల పోసుకుని, ఉల్లిగడ్డ అరచేత్తో కొట్టి పగలగొట్టి, పచ్చిమిరపకాయ కొరుక్కుంటూ తాగేది. ఆ పుల్లటి వాసన, తడి గట్టు వాసన కలిసి వస్తేనే ఇప్పటికీ నాకు మధ్యాహ్నం అయినట్టు ఉంటుంది. అప్పుడు అవ్వ రాయి కథ చెప్పేది. ఎన్నిసార్లు చెప్పినా కోపంగానే చెప్పేది.

"తెల్లోడు గొడుగు కింద నిలవడి వేలు సూపెటోడు. మూడు కాళ్ల మీద పెట్టె పెట్టి, అండ్ల కన్ను పెట్టి సూసెటోడు. ఆడు సూపిన కాడికల్లా మా బాపోళ్లు ఇనుప గొలుసు గుంజుకపోవాలె. ముళ్లున్నయా, పాములున్నయా, ఏం లేదు, గొలుసు సక్కగ పోవాలె అంతే. గీ రాయిని గుట్ట కాడికెల్లి మా బాపు, ఇంకో ముగ్గురు బొంగులకు కట్టి మోసుకొచ్చిన్రు. భుజాలు పుండ్లయినయి. దానికి కూలి లేదు, వెట్టి."

"మన చేను పక్కపొంటి గీత గీస్తుంటె మనల్ని అడగలేదా అవ్వా?" అని నేను అడిగేదాన్ని.

"నిన్ను అడిగి గీస్తరా బిడ్డా? గీసినంక ఇగ గిటు రావద్దు అంటరు."

ఆ కథలో నాకు నచ్చేది చివరి ముక్క. రాయి పాతేముందు గుంతలో బొగ్గులు, పెంకులు పోయమన్నాడట తెల్లవాడు. అది మావాళ్ళకు కొత్తేమీ కాదు. పొలాల గెట్లు పెట్టేటప్పుడు పెద్దలు ఎప్పుడూ చేసే పనే. రాయిని రేపు ఎవడైనా జరిపితే, కింద ఉన్న బొగ్గు అసలు చోటు చెబుతుంది. బొగ్గుకు చెద పట్టదు, మట్టిలో కరగదు. అప్పుడు అవ్వ ఎనిమిదేళ్ళ పిల్ల. వాళ్ళమ్మ (ఆమెనూ అవ్వ అనే పిలిచేదట) పొయ్యిలో ఆరిన చింత బొగ్గులు గంపలో పోసి, పగిలిన సల్లకుండ పెంకులు పైన వేసి ఇస్తే, తనే నెత్తిన పెట్టుకుని తెచ్చింది. ఆ కుండ అంచు చుట్టూ బొటనవేలితో నొక్కిన గుంటలు ఉండేవట.

"రాయిని నమ్మకు బిడ్డా, దాన్ని నలుగురు మోసుకపోతరు. కింద మా అవ్వ బొగ్గున్నది, గది ఆడికెల్లి కదలది," అని లేచి పనిలోకి పోయేది.

కదలదన్న ఆ బొగ్గును కదిలించింది నేనే. నా రెండు చేతులతో.

తెల్లవాళ్ళు పోయాక ఆ గడ్డి బీడు ఎలాగో మా ఊరి పటేలు చేతికి వచ్చింది. ఎలా వచ్చిందని అడిగే నోరు ఊళ్ళో లేదు. బీడు దున్నించాడు కానీ అందులో నీళ్ళు పడలేదు. రెండు చోట్ల బావి తవ్విస్తే రెండు చోట్లా బండే తగిలింది. పది అడుగుల అవతల మా బావిలో ఎండాకాలం కూడా నడుము లోతు నీళ్ళు. ఆయన చూపు దాని మీద పడింది.

ఆ ఏడు వానలు మొదలయ్యే ముందు మేడ్చల్‌లో మా చిన్నత్త పెండ్లి. ఇంటిల్లిపాదీ పోయాం. మూడు రోజులు గారెలు, బూందీ, బగారన్నం తిని, కొత్త లంగా కట్టుకుని, పెండ్లి బండ్లో పాటలు పాడుకుంటూ తిరిగి వచ్చాం. మరునాడు పొద్దున బడిలో పెద్ద సారు పలకలు చూశాడు. అప్పటి పలకలు చెక్కవి, రాసి రాసి తెల్లబడిపోయేవి. "రేపటికి పలక నల్లగ లేకపోతే వీపు నల్లగైతది," అన్నాడు. అన్నంత పనీ చేసే మనిషి.

పలక నల్లబడాలంటే బొగ్గు నూరి, గుంటగలగరాకు పసరు కలిపి రుద్దాలి. ఆకు మా బావి కాలువ పక్కన కావలసినంత దొరికేది. నేను, మేకల చాచా బిడ్డ మేకలను తోలుకుని అటు పోయాం. పోయి చూస్తే రాయి లేదు. అంటే ఉంది, కానీ బావికి ఇటు పక్క, మా చేను లోపల ఉంది. పాత చోట మట్టి కొత్తగా తవ్వి పూడ్చి, పైన నాగలి తిప్పినట్టుంది. ముందు రోజు రాత్రి కురిసిన వానకు ఆ మట్టి కుంగి, నల్లగా బొగ్గులు తేలాయి.

ఎవరో పెద్దవాళ్ళు జరిపి ఉంటారనుకున్నాం. పెద్దవాళ్ళు చేసిన పని పిల్లలు అడగరు కదా. అవ్వ అన్నిసార్లు చెప్పిన కథ ఆ రోజు నా బుర్రకు ఎందుకు తట్టలేదో ఇప్పటికీ నన్ను నేను తిట్టుకుంటాను. నాకు అప్పుడు కనబడింది ఒకటే, ఊరికే దొరికిన బొగ్గు. రెండు చేతులా తవ్వి లంగాలో నింపుకున్నాం. ఇంకొంచెం తవ్వితే పెంకులు, అంచున వేలిగుంటలున్నవి. తొక్కుడుబిళ్ళకు ఇంతకంటే మంచి బిళ్ళలు ఎక్కడ దొరుకుతాయి? నాకు నాలుగు, దానికి నాలుగు పంచుకున్నాం. ఒక్క ముక్క కూడా వదలలేదు. ఇంటి వెనక బండ మీద ఆ బొగ్గంతా నూరి రెండు పలకలకు మూడు పూతలు పూశాం. మిగిలిన పొడితో ఊళ్ళో పిల్లలందరి పలకలూ నల్లబడ్డాయి. మరునాడు పెద్ద సారు నా పలక ఎత్తి తరగతికి చూపించి మెచ్చుకున్నాడు.

ఆ సాయంత్రమే నాయిన చేనుకు పోయి రాయిని చూశాడు. ఇంటికి వచ్చి సంగతి చెప్పి గడప మీద కూర్చున్నాడు. అవ్వ విని, చెంగు నడుముకు చుట్టి, నేరుగా పటేలు ఇంటి ముందుకు పోయి అడిగింది. పటేలు తాపీగా వక్క నములుతూ, "రాయి మా నాయిన కాలం నుంచి ఆడనే ఉన్నది. ముసలితనానికి నీ కండ్లకు మసక వచ్చింది," అన్నాడు.

నాయిన అర్జీ పెట్టాడు. పది రోజులకు కొలతల సారు వచ్చాడు, గొలుసు, ఇద్దరు మనుషులు, సంచిలో నక్షా. దిగింది మాత్రం పటేలు ఇంట్లోనే. మసాలా నూరుతున్న వాసన వీధి చివరిదాకా వచ్చింది, కోడి కోశారని ఊరంతటికీ తెలిసింది. ఆ తిండి తిని, తమలపాకు నములుకుంటూ చేనుకు వచ్చాడు. నక్షా విప్పితే మా చేను ఉన్న మూల చెద తినేసింది. ఊరంతటి నక్షాలో చెదకు సరిగ్గా ఆ మూలే రుచించింది.

"నక్షా లేదు కాబట్టి రాయి ఎక్కడుంటే హద్దు అక్కడ," అన్నాడు కొలతల సారు.

అవ్వ ముందుకు వచ్చింది. "రాయి సంగతి వదిలెయ్ సారూ. అసలు జాగ నేను సూపిస్త. గా గుండు కాడికెల్లి అరవై రెండు అడుగులు. ఆడ తవ్వు. చింత బొగ్గు, సల్లకుండ పెంకులు రాకపోతే నా చేనంత పటేలుకు రాసిస్త."

మా చేను మూలలో ఏనుగంత బండరాయి ఉండేది, గుండు అనేవాళ్ళం. దాన్ని జరపడం ఎవరి వల్లా కాదు. అవ్వ గుండుకు మడమ ఆనించి, ఒక్కొక్క అడుగూ పైకే లెక్కపెడుతూ నడిచింది. ఊరంతా చూస్తోంది. అరవై రెండు దగ్గర ఆగి కాలితో గీత గీసింది. గడ్డపారతో తవ్వారు. మోకాలి లోతు, నడుము లోతు. ఎర్రమట్టి తప్ప ఏమీ లేదు. అవ్వ గుంతలోకి దిగింది. చేతులతో మట్టి తీసి, నలిపి, వాసన చూసి మళ్ళీ తవ్వింది. గోళ్ళ నుంచి రక్తం వచ్చింది.

మేకల చాచా బిడ్డ నా చెయ్యి గట్టిగా పట్టుకుని చెవిలో అడిగింది, "బోల్దూఁ క్యా?" చెప్పెయ్యనా అని.

"నక్కో," అన్నాను. వద్దు అన్నాను.

రాయి ఇప్పుడున్న చోట కూడా తవ్వారు. దాని కింద బొగ్గులు బయటపడ్డాయి. ఈ ఆనవాయితీ పటేలుకూ తెలుసు కదా. అవ్వ ఒక బొగ్గు ఎత్తి ముక్కు దగ్గర పెట్టుకుంది.

"పటేలా, గిది నీ వంటింటి బొగ్గు. ఇంకా కోడికూర వాసనొస్తున్నది," అంది.

ఊళ్ళో ఇద్దరు ముగ్గురు తల తిప్పుకుని నవ్వారు. కొలతల సారు నవ్వలేదు. కాగితం మీద రాసుకున్నాడు, గొలుసు చుట్టించాడు. బావి పటేలుదైంది.

ఇంటికి వచ్చాక అవ్వ పొయ్యి ముట్టించలేదు. గోడకు తగిలించిన నా పలక వైపు చూసింది. లేచి వచ్చి వేలితో రుద్ది చూసింది. నా చెయ్యి పట్టుకుని గోళ్ళ కింద చూసింది.

"గీ బొగ్గు యాడిది బిడ్డా?"

నేను ఏడుస్తూ మొత్తం చెప్పాను. పెంకులు తెచ్చి ముందు పెట్టాను. నాయిన కొట్టడానికి చెయ్యి ఎత్తాడు. అవ్వ అడ్డం వచ్చింది. "దాన్నెందుకు కొడ్తవ్? రాయి జరిపినోడు పటేలు. కోడి తిన్నోడు సారు. దమ్ముంటే పోయి వాళ్లను కొట్టు," అంది.

మరునాడు పొద్దున్నే నా పలక, మేకల చాచా బిడ్డవీ కలిపి ఎనిమిది పెంకులు మూటగట్టుకుని, నన్ను వెంటపెట్టుకుని మేడ్చల్ ఆఫీసుకు నడిచింది. చెప్పులు లేవు. నా అరికాళ్ళు బొబ్బలెక్కాయి. బల్ల ముందు నిలబడి మూట విప్పి, "సారూ, సాక్ష్యం దొరికింది. నా మనుమరాలు తీసింది, దాన్నే అడుగు," అంది. నేను చెప్పాను. ఎక్కడ తవ్వింది, ఎన్ని దోసిళ్ళు తీసింది, ఎవరితో పంచుకుంది, అన్నీ చెప్పాను. నా బతుకులో అంత నిజం ఒక్కసారే మళ్ళీ ఎప్పుడూ చెప్పలేదు.

కొలతల సారు పలక తిప్పి చూశాడు. పక్క బల్ల అతనితో, "ముసలమ్మకు ఇప్పుడు చదువు మీద మనసైంది, పలక పట్టుకొచ్చింది," అన్నాడు. అందరూ నవ్వారు. బంట్రోతు పెంకులను చీపురుతో గుమ్మం బయటకు ఊడ్చేశాడు.

ఆ నవ్వు నేను మరిచిపోలేదు. తెల్లవాడు పాతిన రాయికి విలువ ఉంది, పటేలు జరిపిన రాయికీ విలువ ఉంది, ఒక ఆడమనిషి తన తల్లి పొయ్యిలోంచి మోసిన బొగ్గుకు లేదు. పిల్లది చెప్పింది నిజమా అని ఒక్కడు లేచి వచ్చి చూడలేదు. ఎద్దు ఈనిందంటే దూడను కట్టెయ్యమన్నట్టు, పటేలు చెప్పిందల్లా రాసుకున్నారు. తప్పంతా నాదే అనుకుని చాలా ఏళ్ళు కుమిలిపోయాను. ఇప్పుడు అనుకోను. బొగ్గు గంపతో పోసి చూపించినా వాళ్ళు గొలుసు విప్పేవాళ్ళు కాదు.

తిరిగి నడిచి వచ్చాం. ఊరు దగ్గరికి వచ్చాక అవ్వ పలకను చెంగుతో తుడిచి నా చేతికి ఇచ్చింది. "మా అవ్వ పొయ్యి బొగ్గు బిడ్డా గిది. మంచిగ రాసుకో. రేపు నక్షాల ఏమున్నదో నువ్వే సదివి చెప్పాలె, ఇంకొకడు చెప్పొద్దు," అంది.

బావి పోయాక చేను బీడుపడింది. మా బావి నీళ్ళే మేము పటేలు మనుషులను అడిగి తాగాల్సి వచ్చింది. మేకల చాచా మేకలనూ దగ్గరికి రానివ్వలేదు, వాళ్ళు ఊరే విడిచి పోయారు. ఆ పిల్ల ఎక్కడుందో తెలియదు. నాయిన అల్వాల్‌లో అడ్డా కూలికి పోయాడు, చివరికి వచ్చిన ధరకు చేను అమ్మేశాడు. అవ్వ ఆ దారిన మళ్ళీ నడవలేదు. నేను చదువుకున్నాను, టీచరునయ్యాను. నాకు నక్షా చదవడం వచ్చేనాటికి చదవడానికి చేను లేదు.

గృహప్రవేశం భోజనాలయ్యాక బయటికి వచ్చి వెతికాను. గుండు అక్కడే ఉంది. కదిలించలేక దాని మీద నుంచి నీళ్ళు జారేట్టు గొట్టం పెట్టారు. బావి ఆనవాలు లేదు, పూడ్చి పైన టైల్సు పరిచారు. గేటు బయట ఇస్త్రీ బండి అతను ఇంకా బొగ్గుల పెట్టెనే వాడుతున్నాడు. రెండు ఆరిన బొగ్గులు అడిగి తీసుకున్నాను. ఎందుకని అడగకుండా ఇచ్చాడు.

గుండుకు మడమ ఆనించి నడిచాను. అవ్వ అడుగులు చిన్నవి. ఇప్పుడు నావీ చిన్నవయ్యాయి. అరవై రెండో అడుగు నందివర్ధనం మొక్కల మధ్య పడింది. బంగారు రంగు రాయి అక్కడికి బాగా దూరంగా, పటేలు జరిపిన చోటు కూడా దాటి, గేటు దగ్గర మెరుస్తోంది. కూర్చుని చేత్తో మట్టి తీశాను. ఒక్క క్షణం ఆగాను. ఇవి ముత్తవ్వ పొయ్యిలోవి కావు, నేనూ దొంగ సాక్ష్యం పెడుతున్నానా అని. కాదనిపించింది. పటేలు బొగ్గు పెట్టింది అబద్ధపు చోట. బొగ్గులు లోపల పెట్టి మట్టి కప్పాను.

టీచరమ్మ భర్త గబగబా వచ్చాడు. "ఏమిటండీ, ఏదైనా పడిపోయిందా?" అన్నాడు.

"పడిపోలేదు. చిన్నప్పుడు ఈడికెల్లి తీసుకపోయిన, మళ్ల పెట్టిన," అన్నాను. బడిలో అన్నేళ్ళు దాచుకున్న నా భాష అప్పుడు దానంతటదే వచ్చింది. "నేను తీసింది నేను పెట్టేసిన. మీ ఇత్తడి రేకు మీద ఇదే స్థలం అని రాసిన్రు కద. ఆ రాయిని మోసుకొచ్చి ఈడ పెట్టేది ఇగ మీరు."